ఇండికేటర్ ఎందుకు తొందరపడుతుంది?

కారుకు పాత బల్బులు తీసేసి ఎల్‌ఈడీ బల్బులు పెట్టిస్తే చాలాసార్లు ముందుగా తెలిసే మార్పు వెలుగులో ఉండదు, వేగంలో ఉంటుంది. ఇండికేటర్ వేయగానే డాష్‌బోర్డు మీది పచ్చబాణం మామూలు కంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. కొన్ని కార్లలో బల్బు పోయిందని తెర మీద సందేశం కూడా వస్తుంది. దిగి చూస్తే నాలుగు మూలలా లైట్లు చక్కగా వెలుగుతుంటాయి. దాంతో రిలే పాడైందనో వైరింగ్ చెడిందనో అనుకుంటారు. నిజానికి అక్కడ ఏదీ చెడలేదు. ఆ పరికరం ఏ పని కోసం పుట్టిందో సరిగ్గా ఆ పనే చేస్తోంది. ఇబ్బందల్లా, దాని నోరు మూయించడానికి మనం ఎంచుకుంటున్న మందుతోనే.

మలుపు తిరిగే ముందు చెప్పడానికి ఒకప్పుడు కారు పక్కనుంచి చిన్న చెయ్యి పైకి లేచేది. మోరిస్ మైనర్ లాంటి బ్రిటిష్ కార్లలో అది 1950లలో కూడా కనిపించేది. అమెరికాలో బ్యూక్ కంపెనీ 1939లోనే మిణుకుమిణుకుమనే లైట్లను కారుకు అమర్చింది. ఆ మిణుకు పుట్టించేది ఫ్లాషర్ అనే చిన్న డబ్బీ. పాతకాలం ఫ్లాషర్లలో ప్రధానమైన భాగం ద్విలోహ పట్టీ. బల్బులకు వెళ్లే కరెంటు దానిగుండానే వెళుతుంది. పట్టీ వేడెక్కి వంగితే లైను తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. అంటే వెలగాల్సిన బల్బులే ఆ మిణుకును నడిపిస్తాయి. ఒక బల్బు పోతే కరెంటు తగ్గుతుంది, పట్టీకి చాలినంత వేడి అందదు, లైటు ఆరకుండా నిలిచిపోతుంది లేదా నెమ్మదిగా కొట్టుకుంటుంది. వెనక ట్రెయిలర్ తగిలించి అదనంగా బల్బులు కలిపితే వేగం పెరుగుతుంది. డ్రైవరుకు ఈ తేడా బల్బు పోయిందన్న కబురుగా ఉపయోగపడింది. తర్వాత నిబంధనల్లోకీ ఎక్కింది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 48వది ప్రకారం, ఇండికేటర్ బల్బు చెడితే డాష్‌బోర్డు దీపం ఆరిపోవాలి, లేదా మిణకకుండా వెలుగుతూ ఉండాలి, లేదా దాని వేగం స్పష్టంగా మారాలి.

ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లు వచ్చాక పట్టీ అక్కర్లేకుండా పోయింది, వేగానికీ కరెంటుకూ ఉన్న సహజ సంబంధం తెగిపోయింది. అయినా ఇంజినీర్లు ఆ హెచ్చరికను వదులుకోలేదు, కావాలని మళ్లీ అమర్చారు. ఈ పరికరం చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. లైనులో అతి చిన్న నిరోధం పెట్టి దాని కొసల మధ్య వోల్టేజీ కొలుస్తారు. ఒక పక్క ముందూ వెనకా 21 వాట్ల బల్బులు రెండు, పక్కన 5 వాట్లది ఒకటి ఉంటే మొత్తం 47 వాట్లు. 12 వోల్టుల మీద దాదాపు 4 ఆంపియర్లు. పెద్ద బల్బు ఒకటి పోతే అది 2 ఆంపియర్ల పైచిలుకుకు పడిపోతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో ఒక గీత గీసి, దానికి కిందికి వస్తే వేగం రెట్టింపు చేయమంటారు. ఎల్‌ఈడీ బల్బు తినేది కొద్ది వాట్లే. రెండు పెద్ద బల్బులూ మారిస్తే కరెంటు ఆ గీతకు చాలా కిందికి పోతుంది. ఫ్లాషర్ వెలుగును చూడదు, కరెంటునే కొలుస్తుంది కాబట్టి బల్బు పోయిందని తీర్పు చెబుతుంది.

దీనికి షాపుల్లో మామూలుగా చేసే వైద్యం, ఒక్కో ఎల్‌ఈడీకి సమాంతరంగా 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ తగిలించడం. పాత బల్బు తినే కరెంటును అదే తినేస్తుంది, వేగం మామూలుకు వస్తుంది. ఇంజను నడుస్తూ వోల్టేజీ 14 దాకా ఉన్నప్పుడు, వెలిగిన ప్రతి క్షణమూ దాని నుంచి 30 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అందుకే దాన్ని ప్లాస్టిక్‌కు గానీ వైర్ల గుత్తికి గానీ ఆనించకుండా లోహపు రేకుకు బిగించాలి. అయితే వేడి కంటే పెద్ద చిక్కు మరొకటుంది. రేపు ఆ ఎల్‌ఈడీ నిజంగానే ఆరిపోయినా రెసిస్టర్ తన వంతు కరెంటు తాగుతూనే ఉంటుంది. ఫ్లాషర్ అంతా బాగుందనుకొని మామూలు వేగంతోనే కొట్టుకుంటుంది. వెనకవాడికి మాత్రం ఏ సైగా కనిపించదు. తప్పుడు హెచ్చరిక పోగొట్టుకోబోయి నిజమైన హెచ్చరికను పోగొట్టుకున్నామన్నమాట. రెసిస్టర్‌ను లోపలే దాచుకొని వచ్చే బల్బులదీ ఇదే కథ.

ఎల్‌ఈడీలు ఏళ్ల తరబడి వస్తాయి కదా, హెచ్చరిక లేకపోతే ఏమిటని అడగవచ్చు. ఎల్‌ఈడీ చిప్పు వచ్చే మాట నిజమే. కానీ దాన్ని నడిపే సర్క్యూట్, టంకం వేసిన చోట్లు, హోల్డర్ రేకులు, లైటులోకి చేరిన తేమ అన్నేళ్లు ఆగవు. రెట్టింపు వేగంతో నష్టమేముందనీ అడగవచ్చు. నిబంధనల ప్రకారం నిమిషానికి 90 మిణుకులు, అటూ ఇటూ 30 దాకా తేడా ఉండవచ్చు. 80తో కొట్టుకునే ఇండికేటర్ రెట్టింపైతే 160 అవుతుంది, హద్దు దాటినట్టే. అందుకని అలాగే వదిలేయమనను. కంపెనీ అవకాశమిచ్చిన కార్లలో కంట్రోల్ యూనిట్‌లో బల్బు రకాన్ని ఎల్‌ఈడీగా మార్పించడం మేలు. అప్పుడు గీతే కిందికి జరుగుతుంది, కాపలా మిగులుతుంది. విడి ఫ్లాషర్ ఉన్న పాత కార్లలో లోడుతో సంబంధం లేని ఎలక్ట్రానిక్ రిలే వేయవచ్చు. వేడి ఉండదు. కానీ కాపలా కూడా ఉండదు కనుక అప్పుడప్పుడు హజార్డ్ లైట్లు వేసి కారు చుట్టూ తిరిగి చూసుకోవాలి.

వీటన్నిటికంటే ముందు పాత బల్బులను తిరిగి పెట్టి చూడాలి. వేగం మామూలైతే కారణం కరెంటు తగ్గడమే. కాకపోతే హోల్డర్ తుప్పునో, వదులైన ఎర్త్‌నో అనుమానించాలి. వెనక లైటుకు ఎర్త్ సరిగా లేకపోతే ఇండికేటర్ కరెంటు పక్క బల్బు ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటుంది, దాంతో టెయిల్ లైటు కూడా మిణుకుతుంది. మోటార్‌సైకిళ్లలో మరో వింత ఉంది. చాలావాటికి మీటరులో ఎడమకీ కుడికీ కలిపి ఒకే సూచిక దీపం ఉంటుంది. ఎడమ వేస్తే ఆ దీపం కరెంటు కుడి బల్బుల గుండా ఎర్త్‌కు చేరుతుంది. ఆ కాస్త కరెంటుకు ఫిలమెంట్ వెలగదు గానీ ఎల్‌ఈడీ వెలుగుతుంది. అందుకే ఎల్‌ఈడీలు పెట్టాక ఒక వైపు వేస్తే నాలుగూ మిణుకుతాయి. ఎన్ని రిలేలు మార్చినా అది పోదు. రెండు వైపుల నుంచీ ఒక్కో డయోడ్ పెట్టి ఆ దీపానికి కలిపి, దీపం రెండో కొసను నేరుగా ఎర్త్ చేస్తే సరిపోతుంది.