కంప్యూటర్ డప్పుకూ సెగ కావాలి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు చూస్తూ పెరిగిన ఈ హైదరాబాద్ నగరంలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది: సాఫ్ట్‌వేర్ వస్తే పని వచ్చినట్టే. సంగీతానికీ అదే నమ్మకం పాకింది. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం మొదలు బోనాలు, వినాయక నిమజ్జనం దాకా వీధుల్లో హోరెత్తే రీమిక్స్ పాటల్లోని దెబ్బలను కంప్యూటర్ తనంతట తానే పుట్టిస్తుందని, మీట నొక్కడం ఒక్కటే మనిషి పని అని చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. సింథసిస్‌తో ఒక్క దెబ్బ పుట్టించాలన్నా ముందు తోలు ఎలా మోగుతుందో తెలియాలి. ఆ ఎరుక ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు, చెవికి పట్టుబడాలి.

ఈ అపోహకు మూలం రెండు వేర్వేరు పనులను ఒకటిగా చూడటం. అసలు వాద్యాన్ని రికార్డు చేసి, ఆ ముక్కను మళ్లీ మళ్లీ మోగించడం శాంప్లింగ్. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్ఎం-1 యంత్రం చేసింది అదే. అదే ఏడాది జపాన్ కంపెనీ రోలండ్ తెచ్చిన టీఆర్-808లో రికార్డింగ్ అన్నదే లేదు. ప్రతి దెబ్బనూ సర్క్యూట్లు అప్పటికప్పుడు పుట్టించేవి, ఇదే సింథసిస్. సింబల్ చప్పుడు కోసం ఒకదానితో ఒకటి శ్రుతి కలవని, తరంగాలు పుట్టించే ఆరు ఆసిలేటర్లను కలిపారు. చప్పట్ల కోసం వడగట్టిన నాయిస్‌ను వెంటవెంటనే కొన్నిసార్లు తెరిచి మూశారు. ఇదంతా నిన్న మొన్నటి డీజే మోజు అనుకోవడమూ పొరపాటే. ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించి 1982లో రికార్డు చేసినప్పుడు తాళం వేసింది ఈ 808యే.

తోలు గుణం తెలియకపోతే ఈ పని ఎందుకు కుదరదో డప్పునే చూస్తే తెలుస్తుంది. గుండ్రని చట్రానికి బిగించిన మేకతోలు అది. వాయించే ముందు మంట సెగకు కాస్తారు. తోలులోని తేమ పోయి బిగువు పెరుగుతుంది, దాంతో స్థాయి పైకి పోతుంది. అయితే స్థాయి పెరిగేది బిగువు వర్గమూలాన్ని బట్టి. అంటే స్థాయి రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి. చెమ్మ గాలిలో మెత్తబడిన డప్పు బొంగురుపోయేదీ, కళాకారులు మాటిమాటికీ మంట దగ్గరికి వెళ్లేదీ ఇందుకే. ఇక వీణ తీగలో ఉపస్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా వరుసలో ఉంటాయి. అంతటా ఒకే మందం ఉన్న గుండ్రని తోలులో అవి దాదాపు 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర పడతాయి. అందుకే డప్పు దెబ్బలో ఫలానా స్వరం అని పట్టుకోలేం. మృదంగం, తబలా తోలు మీది నల్లమచ్చ ఈ చిక్కును విప్పి ఉపస్వరాలను వరుసకు తెస్తుందని సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లో నేచర్ పత్రికలో రాశారు. సింథసిస్ చేసేవాడికి ఇది పుస్తకాల్లో మిగిలిపోయే సంగతి కాదు. ఆసిలేటర్లను పూర్ణ సంఖ్యల రెట్లలో పెడితే మృదంగం వైపు, పూర్ణ సంఖ్యలు కాని రెట్లలో పెడితే డప్పు వైపు అడుగు పడుతుంది. తోలు నడిమధ్య కొట్టిన దెబ్బకు కింది నాదం పెంచాలి, అంచు దెబ్బకు పైవాటిని పెంచాలి.

గట్టి దెబ్బ పడినప్పుడు తోలు క్షణకాలం సాగుతుంది, బిగువు పెరుగుతుంది. దెబ్బ ఎత్తు స్థాయిలో మొదలై వెంటనే కిందికి జారుతుంది. కిక్ డ్రమ్‌కు ఒక సైన్ తరంగాన్ని 200 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, కొన్ని పదుల మిల్లీసెకన్లలో 50 దాకా దించమని నేర్పేది దీన్ని చూసే. నేర్చుకునేవాళ్లు ఆ అంకెలను కంఠస్థం పెడతారు గానీ అవి తోలు నుంచి వచ్చాయని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

అయినా తోలుకున్న జీవం యంత్రానికి ఎక్కడిదని అడుగుతారు. ఆ అనుమానంలో నిజముంది. డప్పు వాయించే సిర్ర, సిటికెన పుల్ల పట్టిన చేయి ఏ రెండు దెబ్బలనూ ఒకేలా వేయదు. ఒకే శాంపిల్‌ను వరుసగా పదహారుసార్లు మోగిస్తే తుపాకీ పేలినట్టు ఉంటుంది. కానీ ఆ లోపం రికార్డు ముక్కది. సింథసిస్‌లో ప్రతి దెబ్బా కొత్తగా పుడుతుంది కాబట్టి దాని బిగువు, బలం, దెబ్బ పడే చోటు ఎప్పటికప్పుడు కొద్దిగా మార్చవచ్చు. మార్చకపోతే తప్పు యంత్రానిది కాదు. ఖరీదైన సరంజామా కావాలన్న మాటా నిలవదు. ఎల్ఎంఎంఎస్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో కిక్ తయారీకని కిక్కర్ అనే ప్లగిన్ కూడా ఉంది. ఫోన్లో వింటే దెబ్బ ఆనకపోవడానికీ సాఫ్ట్‌వేర్ ధర కారణం కాదు. ఆ చిన్న స్పీకర్ 50 హెర్ట్జ్‌ను పలకలేదు. కాస్త డిస్టార్షన్ కలిపి పైస్థాయి ఉపస్వరాలు పుట్టిస్తే, వినిపించని కింది నాదాన్ని చెవే ఊహించుకుంటుంది.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ, ఈ శబ్దాలు డప్పు కళాకారుల పొట్ట కొడుతున్నాయన్నది. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. డీజే బండి మాట్లాడుకున్న చోట డప్పు బృందానికి పిలుపు తగ్గుతుంది. తరతరాలుగా డప్పును నిలబెట్టిన మాదిగ కళాకారులకే ఆ దెబ్బ ముందు తగులుతుంది. అయితే వారి స్థానంలోకి వచ్చింది సింథసిస్ కాదు, ముందే తయారై మారకుండా మోగే పాట. సినిమాలకు నెలవైన సారథి స్టూడియోస్ ఉన్న అమీర్‌పేటకు, రికార్డయిన సంగీతం ఒక పని అని, ఎదుట వాయించడం మరో పని అని కొత్తగా చెప్పనక్కర్లేదు. బోనాల ఊరేగింపులో డప్పు కొట్టే మనిషి ముందు ఆడే పోతురాజు అడుగులు చూస్తాడు. పోతురాజు కొరడా ఝళిపిస్తే దరువు పెంచుతాడు, అలసి ఆగితే తగ్గిస్తాడు, పూనకం వచ్చిన చోట వదలకుండా మోగిస్తాడు. డీజే బండి మీద మోగే పాటకు పోతురాజు కనబడడు. ఊరేగింపుకు డప్పు బృందాన్ని పిలవాలి, డబ్బులు సరిగా ఇవ్వాలి. స్టూడియోలో దెబ్బలు తయారుచేసే కుర్రాళ్లు ఆ బృందం పక్కన నడిచి, సెగ తగలకముందు తోలు ఎలా పలికిందో, తగిలాక ఎలా పలికిందో వినాలి.