గుండెకు రక్షణ

ఇటలీ దేశపు ఆగ్నేయభాగమున కాస్టెల్ డెల్ మాంటె అను పురాతన దుర్గము కలదు. దాని పరిసరములందలి మట్టిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అందొక సూక్ష్మజీవి ఎఱ్ఱని పదార్థమును పుట్టించుచున్నదని కనుగొనిరి. 1960 నాటి దశకమున ఆ జీవి సంతతినుండియే డాక్సోరూబిసిన్ అను ఔషధము లభించినది. ఆ దేశమునకు తూర్పున నున్న ఆడ్రియాటిక్ సముద్రమును బట్టి దీనికి ఆడ్రియామైసిన్ అను పేరు కూడ కలిగినది.

కాన్సరు కణములు అదుపులేక విభజన చెందుచు పెరుగును. ఈ మందు వాటిలో ప్రవేశించి, విభజనకు మూలమైన డి.ఎన్.ఎ.ను చెఱచి, వాటిని నశింపజేయును. రక్తకాన్సరు, రొమ్ము కాన్సరు, పిల్లలకు వచ్చు ఎముకల కాన్సరు మొదలగు వానినుండి దీనివలన ఎందఱో ప్రాణములు దక్కించుకొనిరి. కాని శత్రువుపై ఎత్తిన కత్తి మిత్రునికిని తగిలినది. కాన్సరునుండి బయటపడిన కొందఱు, పిమ్మట గుండె బలహీనమై బాధపడిరి. ఇచ్చిన మందు మొత్తము, శరీర ఉపరితలమున చదరపు మీటరుకు 550 మిల్లీగ్రాములు దాటినచో ఈ ప్రమాదము మిక్కిలి హెచ్చునని 1979లో వెలువడిన పరిశీలన తెలిపెను. అందువలన వైద్యులు ప్రతి రోగికి ఇచ్చిన మోతాదులన్నిటిని కూడి లెక్క ఉంచుదురు.

ఇతర అవయవములకంటె గుండెకే ఈ హాని ఏల? గుండె క్షణమైనను విశ్రమింపదు. కావున దాని కణములలో శక్తిని తయారుచేయు మైటోకాండ్రియాలు విస్తారముగా నుండును. మందు అచట చేరి, ఇనుముతో కలిసి, ప్రాణవాయువునుండి చురుకైన హానికర కణికలను పుట్టించును. వాటిని అణచు ఎంజైములు గుండెలో తక్కువ. నశించిన గుండె కణముల స్థానమున క్రొత్తవి పుట్టుటయు మిక్కిలి అరుదు.

ఈ కణికలను అణచు పదార్థములు మొక్కలలో కలవు. ఉల్లిగడ్డలో క్వెర్సిటిన్, ద్రాక్షతోలులో రెస్వెరట్రాల్, పసుపులో కర్క్యుమిన్ అట్టివి. మందుతోపాటు వీనిని ఎలుకలకిచ్చి చూడగా, అనేక ప్రయోగములలో గుండెకు కలుగు హాని తగ్గినది.

అయినను, ఎలుకకు మేలు చేసినదెల్ల మనుష్యునకు చేయునని చెప్పరాదు. తిన్న కర్క్యుమిన్‌లో రక్తమునకు చేరునది అత్యల్పము. అంతకంటె గొప్ప చిక్కు మఱియొకటి కలదు. గుండెను కాపాడు పదార్థము కాన్సరు కణమును కూడ కాపాడినచో, చికిత్సయే వ్యర్థమగును. ఈ సందేహములు తీరువఱకు ఇవి పరిశోధనలో నున్న పదార్థములే గాని ఔషధములు కావు. గుండె రక్షణకై 1995లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌రజోక్సేన్ మొక్కలనుండి వచ్చినది కాదు, ప్రయోగశాలలో తయారైనది.

దుగ్గిరాల, నిజామాబాదు విపణులలో రాశులుగా పోయు పసుపు వంటకు మంచిదే. కాని చికిత్సలో నున్న రోగి వైద్యునికి తెలుపక పసుపు మాత్రలను మ్రింగుట అపాయకరము. మొక్కలలో మందు లేకపోలేదు. పెరటిలోని బిళ్ళగన్నేరునుండియే విన్‌క్రిస్టిన్ అను కాన్సరు మందు లభించినది. అదియు రోగులపై ఓర్పుతో జరిపిన పరీక్షలలో నిలిచిన పిమ్మటనే ఔషధమైనది. ఉల్లికిని, ద్రాక్షకును, పసుపునకును అదే మార్గము.