పతాక దినం ఒక్కరోజు – పరిచర్య జీవితాంతం

ప్రతి ఏటా డిసెంబరు 7వ తేదీ ఉదయం మన కర్మాగారం ప్రధాన ద్వారం వద్ద ఒక చిన్న బల్ల వెలుస్తుంది. దానిమీద తాళం వేసిన రేకు డబ్బా, పక్కన ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల కాగితపు జెండాలు. షిఫ్టుకు వచ్చేవారు పదో ఇరవయ్యో డబ్బాలో వేసి, జెండాను చొక్కాకు గుచ్చుకొని, హాజరు యంత్రం వైపు నడుస్తారు. సాయంకాలానికి ఆ జెండాలలో చాలాభాగం క్యాంటీనులో చేతులు కడుక్కునే తొట్టి దగ్గర కనిపిస్తాయి. ఇది ఆక్షేపణగా వ్రాస్తున్నది కాదు. మేమూ అందులో భాగస్వాములమే.

సాయుధ దళాల పతాక దినోత్సవం 1949 నుండి జరుగుతున్నది. అంతకుముందు వేర్వేరు పేర్లతో ఉన్న సైనిక సంక్షేమ నిధులను 1993లో రక్షణ మంత్రిత్వ శాఖ ఒకే పతాక దినోత్సవ నిధిగా విలీనం చేసింది. ఈ వివరాలను తెలుసుకోవాలనే ఆలోచన మాకు కలిగించినవారు, మన గేటు వద్ద భద్రతా విధులు నిర్వహించే ఒక విశ్రాంత హవల్దారు గారు. కరీంనగర్ ప్రాంత వాస్తవ్యులు. పోయిన పతాక దినంనాడు డబ్బాలో నోటు వేసి కదలబోతున్న మమ్మల్ని ఆపి, "ఈ పైసలు యాడికి పోతయో ఎన్నడన్న అడిగిన్రా సార్?" అన్నారు. అడగలేదని ఒప్పుకున్నాము. "ఐతారం తీరిక చేస్కోండ్రి, ఒకాయన్ని చూపిస్త" అన్నారు.

ఆ ఆదివారం హవల్దారు గారి వెంట లింబాయత్ వెళ్ళాము. ఆ ప్రాంతం గురించి సూరత్ తెలుగువారికి చెప్పనక్కరలేదు. బదిలీపై కొత్తగా వచ్చిన సహోద్యోగుల కోసం ఒక మాట: కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాలలో చేనేత చితికిపోయినప్పుడు బతుకుదెరువు కోసం తరలివచ్చిన నేత కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల నడుమ దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడుపుతున్నది. మగ్గాల చప్పుడు గోడల గుండా వినిపించే ఒక సందులో, ఒకే గదిలో, కిటికీ వారగా వేసిన మంచంమీద మేము చూడబోయిన మాజీ సైనికుడు పడుకొని ఉన్నారు. పేరు వ్రాయవద్దన్నారు గనుక వ్రాయడం లేదు. శాంతికాలపు విధినిర్వహణలో సైనిక వాహనం బోల్తాపడి వెన్నెముక విరిగింది. నడుము క్రింది భాగంలో స్పర్శ లేదు, కదలిక లేదు. సైన్యం నుండి వైద్య కారణాలపై పంపివేసిన తరువాత, అన్నగారు సూరత్‌లో మగ్గం నడుపుతున్నందున భార్యాబిడ్డలతో ఇక్కడికి చేరారు.

మంచం పైన దూలానికి ఒక తాడు కట్టి ఉన్నది. చేతుల బలంతో ఆయన దానిని పట్టుకొని పై శరీరాన్ని లేపుకోగలరు. మిగిలిన సగాన్ని తిప్పవలసినది ఆయన ఇల్లాలు. గోడ గడియారం క్రింద మేకుకు ఒక నోటుబుక్కు వ్రేలాడుతున్నది. తెరచి చూస్తే గంటలు, వాటి ఎదుట 'కు', 'ఎ' అనే అక్షరాలు: కుడి, ఎడమ. మన కంట్రోల్ రూములో లాగ్‌బుక్కు వ్రాసినట్లే ప్రతి రెండు గంటలకు ఒక పద్దు. మధ్యమధ్య మూత్రపు గొట్టం మార్చిన తేదీ, జ్వరం వచ్చిన తేదీ. "రాత్రి పన్నెండు, రెండు, నాలుగు... అలారం లేకున్నా మెలకువ వస్తది సార్. ఈ రెండేండ్లల్ల ఒక్క పుండు పడలే" అని ఆ సోదరి చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన తృప్తిని, ఏడాది పొడవునా ఒక్క ప్రమాదమూ జరగని విభాగపు ఫోర్‌మన్ ముఖంలో మాత్రమే మేము చూసి ఉన్నాము.

ఆమె గర్వం అకారణం కాదు. స్పర్శలేని శరీరం ఒకే పక్కన ఒత్తిడిలో ఉండిపోతే చర్మం చితికి, ఎముక దాకా పుండు పడుతుంది. గొట్టం శుభ్రంగా లేకపోతే మూత్రపిండాలకు చీము పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెన్ను విరిగిన సైనికులలో అధికులు ఈ రెండింటితోనే అనతికాలంలో మరణించారు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో 1944లో వెన్నెముక విభాగాన్ని ప్రారంభించిన డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, క్రమం తప్పని పరిచర్యతో వారిని బ్రతికించవచ్చునని నిరూపించారు. మన దేశంలో మురళీకాంత్ పేట్కర్ గారి ఉదాహరణ ఉండనే ఉన్నది. 1965 యుద్ధంలో వెన్నులో తూటా దిగిన ఆ సైనికుడు 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈతలో స్వర్ణపతకం గెలిచారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. గాయానికీ పద్మశ్రీకీ మధ్య 53 సంవత్సరాలు. వెన్ను విరిగినవారు నేడు అర్ధశతాబ్దం జీవించగలరు. కనుకనే ఖర్చు ప్రశ్న కూడా అర్ధశతాబ్దపు ప్రశ్న అయినది.

ఆ ఖర్చు ఎంతటిదో మన పాఠకులకు సులభంగా బోధపడే లెక్క ఒకటున్నది. నిరంతరం మనిషి ఉండవలసిన ఒక స్థానానికి ఎందరు ఉద్యోగులు కావాలి? వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు. మూడు షిఫ్టులకు ముగ్గురు, వారాంతపు సెలవులకు రిలీవరు, వెరసి నలుగురు. మన పంపుహౌసులో ఈ నలుగురిలో ఒకరు తగ్గినా యూనియన్ ఊరుకోదు, యాజమాన్యం కూడా ఊరుకోదు. లింబాయత్ గదిలో ఆ నలుగురి పని ఒక్క స్త్రీ చేస్తున్నది. పగటిపూట 'కు'కూ 'ఎ'కూ మధ్య దొరికే సమయంలో చీరలకు లేసు కుట్టి, రాళ్ళు అతికించి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నది కూడా.

ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదనడం అసత్యమవుతుంది. సర్వీసు పింఛనుకు తోడు వైకల్యపు భాగం ఉన్నది. నూరు శాతం వైకల్యానికి అది చివరి వేతనంలో 30 శాతం. అదే యుద్ధంలో తగిలిన గాయమై సేవనుండి తప్పుకోవలసి వస్తే పూర్తి వేతనం. తూటాకూ వాహనానికీ నడుమ ఈ తారతమ్యం ఎందుకో నియమాలు వ్రాసినవారు వివరించగలరు గాని, పరుపుమీది వెన్నెముకకు వివరించడం కష్టం. 2003 ఏప్రిల్ 1న ప్రారంభమైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉన్నది. అది చికిత్సకు ఉద్దేశించినది. ఇక నూరు శాతం వైకల్యం కలిగి, నిరంతరం మనిషి సాయం అవసరమని వైద్య మండలి ధ్రువీకరించినవారికి నిరంతర పరిచారక భత్యం అని ఒకటున్నది. ఏడవ వేతన సంఘం తరువాత 2017 జూలై నుండి దీనిని నెలకు 4,500 నుండి 6,750 రూపాయలకు పెంచారు. పెంపు స్వాగతించదగినదే. అయితే పెంచిననాటి లెక్కనే చూసినా రోజుకు 225 రూపాయలు, గంటకు తొమ్మిది రూపాయల చిల్లర. నలుగురి స్థానంలో ఒక్కరి ఒక్క షిఫ్టుకు సైతం అది చాలదు.

అందుచేతనే ఇటువంటివారిని ఒకచోట చేర్చి పరిచర్య చేసే ఆశ్రయాలు అవసరమైనాయి. రాత్రివేళ ఒక పరిచారకుడు ఒక ఇంటిలో ఒకరినే చూడగలడు. ఒక వార్డులో పలువురిని చూడగలడు. పూణె సమీపాన ఖడ్కీలో 1974లోనూ, మొహాలీలో 1978లోనూ పక్షవాత సైనికుల పునరావాస కేంద్రాలు స్థాపించబడినాయి. పతాక దినోత్సవ నిధి నుండి కేంద్రీయ సైనిక్ బోర్డు వీటికి నిర్వహణ గ్రాంటును, నివాసి ఒక్కింటికి ఇంత అని వార్షిక గ్రాంటును ఇస్తున్నది. మన గేటు డబ్బాలోని పది రూపాయల నోటు చేరే చోట్లలో ఇదొకటి. మిగిలినది విరాళాలమీద నడవవలసినదే.

మరి లింబాయత్ సోదరుడు ఖడ్కీకి ఎందుకు వెళ్ళలేదు? అడిగాము. ఆయన కిటికీ బయటకు చూస్తూ, "అక్కడ నాకు మంచం ఉంటది సార్. పిల్లల బడి ఈడ, ఆమె పని ఈడ" అన్నారు. గుజరాత్‌లో అటువంటి కేంద్రం లేదు, తెలుగు రాష్ట్రాలలోనూ లేదు. సూరత్‌లో చిన్నా పెద్దా ప్రయివేటు నర్సింగ్‌హోములకు కొదవలేదు. లేనిది వాటిలో ఒక సైనికుడు దీర్ఘకాలం ఉండటానికి నెలనెలా బిల్లు చెల్లించే నాథుడు.

సూరత్ దానగుణానికి పెట్టిన పేరు. కార్గిల్ యుద్ధకాలం నుండి ఇక్కడి జై జవాన్ నాగరిక సమితి దేశం నలుమూలల అమరవీరుల కుటుంబాలకు సభాముఖంగా ఆర్థిక సహాయం అందిస్తున్నది. వస్త్ర, వజ్ర వ్యాపారులు దానికి చేయూతనిచ్చారు. ఈ నగర వాసులుగా మాకు అది గర్వకారణం. అయినా ఒక మాట చెప్పక తప్పదు. మరణం ఒక్కసారి సంభవిస్తుంది; దానికి ఒక్క చెక్కు ఇవ్వవచ్చు, ఒక్క సభ పెట్టవచ్చు. విరిగిన వెన్ను ప్రతి రెండు గంటలకు సంభవిస్తుంది. దానికి సభ పెట్టడం ఎవరివల్లా కాదు.

ప్రభుత్వరంగ సంస్థగా మన బాధ్యత ఏమిటి? ఉద్యోగాల విషయంలో నియమాలు స్పష్టం: గ్రూప్-సి ఖాళీలలో 14.5 శాతం, గ్రూప్-డి ఖాళీలలో 24.5 శాతం మాజీ సైనికులకు, అందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకు, విధినిర్వహణలో మరణించినవారి ఆశ్రితులకు. కాని లేవలేని మనిషికి ఉద్యోగం దేనికి? 2013 కంపెనీల చట్టం ఏడవ షెడ్యూలులో మాజీ సైనికుల మేలుకై చేసే కార్యక్రమాలు సామాజిక బాధ్యత వ్యయంగా గుర్తించబడినాయి. ఇంతవరకు బాగున్నది. కాని ఆ నిధితో చేపట్టే కొనసాగే పథకం, ప్రారంభించిన సంవత్సరాన్ని మినహాయించి మూడేళ్ళకు మించరాదు. 2021 జనవరి సవరణల తరువాత, వడ్డీతో శాశ్వతంగా నడిచే మూలధన నిధికి విరాళమివ్వడం కూడా ఆ వ్యయంగా చెల్లదు. అనగా సంస్థ ఒక అంబులెన్సు కొనవచ్చు, వార్డుకు పడకలు ఇవ్వవచ్చు. రాత్రి రెండు గంటలకు ఆ పడకపై మనిషిని తిప్పే పరిచారకుని జీతాన్ని ఇరవై ఏళ్ళపాటు పూచీపడటం దుర్లభం. దుర్వినియోగాన్ని అరికట్టడానికి చేసిన నియమాలివి. వాటిని తప్పుపట్టడం లేదు. అవి ఈ అవసరానికి సరిపోవనడమే మా ఉద్దేశం.

ఇతర దేశాలవారు ఈ చిక్కును రకరకాలుగా విప్పుకున్నారు. లండన్‌లో రెండవ చార్లెస్ రాజు 1682లో స్థాపించిన చెల్సీ ఆశ్రమంలో చేరే వృద్ధ సైనికుడు తన సైనిక పింఛనును ఆశ్రమానికి వదులుకొని, బదులుగా గదిని, భోజనాన్ని, పరిచర్యను పొందుతాడు. ఇల్లాలూ పిల్లలూ ఆ పింఛనుమీదనే ఆధారపడిన మనవంటి చోట అది కుదిరే పద్ధతి కాదు. అమెరికాలో 1999లో చేసిన చట్టం ప్రకారం సేవాసంబంధమైన వైకల్యం 70 శాతం లేక అంతకుమించి ఉన్నవారికి నర్సింగ్‌హోము ఖర్చును ప్రభుత్వమే భరించాలి. మా దృష్టిలో న్యాయమైన మార్గం ఇదే: సైనికుడు ఖడ్కీ వెళ్ళనక్కరలేకుండా, అతడున్న ఊరిలోనే ఆమోదించిన ఆశ్రయానికి రోజుకింత అని చెల్లించాలి. అది ప్రభుత్వం చేయవలసిన పని, మన చేతిలో లేనిది.

మన చేతిలో ఉన్నదానికి కూడా అమెరికా చరిత్రలోనే ఒక ఆధారం దొరికింది. 1851లో వాషింగ్టన్‌లో సైనికుల ఆశ్రమం స్థాపించినప్పుడు, దాని పోషణకు ప్రతి సైనికుని జీతం నుండి నెలకు 25 సెంట్లు కోత విధించారు. చిన్న మొత్తం, పెద్ద సంఖ్య, ఆగని క్రమం. ఒక రోజు దానం కంటే నెలనెలా పావలా గట్టిదని వారికి అప్పుడే తెలిసినది.

ఈ దృష్టితో మేము కొందరం ఒక ప్రతిపాదనను ఉద్యోగుల సంక్షేమ సంఘం ముందుంచాము. ఇష్టమైనవారు నెలకు ఒక గంట జీతం ఇవ్వాలి. అందులో సగం ఖడ్కీ కేంద్రానికి వెళ్ళాలి. మిగిలిన సగంతో లింబాయత్ గదికి ఒక రాత్రి పరిచారకుని ఏర్పాటు చేయాలి. మన భాషలో చెప్పాలంటే, ఆ సోదరికి సి-షిఫ్టు రిలీవరు. వచ్చే చందా అంతకు చాలకపోతే వారానికి మూడు రాత్రులతోనైనా ప్రారంభించాలి. జీతం నుండి మినహాయింపుకు ప్రతి ఉద్యోగి వ్రాతపూర్వక సమ్మతి అవసరం. ఆ ఫారాలు సంక్షేమ సంఘ కార్యాలయంలో లభిస్తాయి.

ఫారాలు అచ్చయి వచ్చిన రోజు మొదట అడిగినవారు హవల్దారు గారే. వారు భద్రతా ఏజెన్సీ తరఫున పనిచేస్తున్నందున మన వేతన పట్టికలో వారి పేరు లేదు, కోత సాధ్యపడదు అని గుమాస్తా చెప్పారు. వారు కాసేపు ఆలోచించి, జేబులోనుండి డబ్బులు తీసి బల్లమీద పెట్టి, రసీదు అడిగారు. అప్పటినుండి ప్రతి నెలా 7వ తేదీన వచ్చి ఇస్తున్నారు. వారికోసం ఒక రసీదు పుస్తకం వేరుగా తెరిచాము.