ఎండాకాలంలో గోడకు సున్నం

ఉగాది వచ్చినా, ఇంట్లో పెళ్ళి కుదిరినా ముందు గోడలకు వెల్ల వేస్తాం. మన గోదావరి జిల్లాల్లో అది ఎండలు ముదిరే కాలం. కొన్ని ఇళ్ళల్లో వారం తిరక్కుండానే సున్నం చేతికి అంటుతుంది. పొరలుగా రాలుతుంది. డబ్బూ పోయె, రెక్కల కష్టమూ పోయె! ఎందుకిలా అవుతుంది?

సున్నపు రాయిని గానీ, సముద్రపు గుల్లలను గానీ బట్టీలో కాలిస్తే సున్నం వస్తుంది. గోడ మీద తడిగా ఉన్నప్పుడు అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. మెల్లగా మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది. సున్నం బలం తక్కువది కాదు. ధవళేశ్వరంలో 1852లో పూర్తయిన పాత ఆనకట్ట రాళ్ళను సున్నపు గచ్చుతోనే కట్టారు. కానీ గట్టిపడడానికి తడి ఉండాలి. మండుటెండలో ఆ తడి త్వరగా ఆరిపోతుంది. సున్నం పిండిగానే మిగిలిపోతుంది.

మరి ఎలా వేయాలి?

పాత పొరలు గీకండి. దుమ్ము దులపండి. గోడను నీళ్ళతో తడపండి. సున్నాన్ని పాలలా పల్చగా కలిపి, బట్టతో వడకట్టండి. కాస్త తుమ్మజిగురు కలిపితే గోడకు బాగా పట్టుకుంటుంది.

కుంచెతో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వేయాలి. తడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపించదు. ఆరాక తెలుపు తేలుతుంది. అది తెలియక మందంగా పూస్తాం. మందపు పూత బీటలు తీసి రాలిపోతుంది. పల్చగా మూడు పూతలు వేయండి. ఒకటి ఆరాకే ఇంకొకటి. రోజుకొక పూత వేస్తే మంచిది.

తూర్పు గోడకు సాయంత్రం, పడమటి గోడకు పొద్దున్నే వేయండి. అప్పుడు ఆ గోడల మీద ఎండ ఉండదు.

జాగ్రత్త!

కాల్చిన సున్నం నీళ్ళు తగలగానే సలసల ఉడుకుతుంది. పైకి చిమ్ముతుంది. అందుకని ముందు తొట్టెలో నీళ్ళు పోయాలి. తరవాత సున్నం కొంచెం కొంచెంగా వేయాలి. ప్లాస్టిక్ బకెట్ వద్దు. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. పై భాగం వేసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి.

సున్నం కంట్లో పడితే నలపకండి. చనుబాలు, ఆముదం వేయకండి. వెంటనే మంచినీళ్ళు ధారగా పోస్తూ అరగంట సేపు కడగండి. ఆ తరవాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. సున్నం కంటిని కాల్చేస్తుంది. చూపు పోవచ్చు.

మీ ఇంట్లోగానీ, వీధిలోగానీ సున్నం పనికి వెళ్ళేవాళ్ళు ఉన్నారా? ఈ చివరి మాటలు వాళ్ళకు చదివి వినిపించండి.