ఇంట్లోనా? శానటోరియంలోనా?

క్షయ నాలుగు రోజులలో వచ్చిపోయే జబ్బు కాదు. అది నెలల తరబడి రోగిని కృశింపజేస్తుంది. రోగి దగ్గినప్పుడు గాలిలో కలిసే సూక్ష్మజీవుల ద్వారా పక్కవారికీ సోకుతుంది. ఈ సూక్ష్మజీవిని 1882లోనే రాబర్ట్ కాక్ కనిపెట్టాడు. అయినా ఆ తరువాత అరవై ఏళ్ళపాటు దానిని అణచగల మందు వైద్యుల చేతికి రాలేదు. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, ఇవే చికిత్స. ఇందుకోసమే శానటోరియములు వెలిశాయి. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన శానటోరియం అటువంటిదే.

1940 తరువాత స్ట్రెప్టోమైసిన్, పారా-అమినో సాలిసిలిక్ ఆమ్లం, 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చాయి. మందులైతే వచ్చాయి, మరి మంచాలో? మన దేశంలో క్షయరోగులు లక్షలలో ఉండగా ఆసుపత్రి మంచాలు వేలలోనే ఉండేవి. రోగిని ఇంట్లోనే ఉంచి మందు ఇస్తే సరిపోతుందా? ఇరుకు గదిలో, అరకొర తిండితో బ్రతికేవానికి మందు పనిచేస్తుందా? ఒకే కప్పు క్రింద ఉన్న పిల్లల మాటేమిటి? వాదోపవాదాలతో తేలే ప్రశ్నలు కావివి.

నలుగురు కలిసిన పని

ఈ ప్రశ్నలను పరీక్షించడానికి 1956లో మద్రాసులో, అనగా నేటి చెన్నైలో, క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒకటి ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ఇందులో భాగస్వాములు. బ్రిటిష్ మండలి 1948లోనే స్ట్రెప్టోమైసిన్‌పై పరీక్ష ఫలితాలను ప్రకటించి, రెండు చికిత్సలను న్యాయంగా పోల్చే పద్ధతిని చూపింది. కాని మద్రాసు పేటలు, అక్కడి ఇళ్ళు, అక్కడి భాష తెలిసినవారు ఇక్కడి సిబ్బందే. ఒకరికి తెలిసినది మరొకరికి తెలియదు కనుకనే కలయిక అవసరమైనది.

193 మంది రోగులను పరిశోధనలో చేర్చుకొని, చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఎవరు ఏ జట్టులో చేరాలో వైద్యుని ఇష్టానికి వదలలేదు. అలా వదిలితే జబ్బు ముదిరినవారందరూ ఒకే వైపు చేరవచ్చు. అప్పుడు పోలికకు విలువ ఉండదు. ఒక జట్టు శానటోరియంలో, రెండవది ఇళ్ళలో ఉండి, సంవత్సరంపాటు ఐసోనియాజిడ్, పారా-అమినో సాలిసిలిక్ ఆమ్లం సేవించాయి.

తేలిన విషయం

ఫలితాలు 1959లో వెలువడ్డాయి. శానటోరియంలోనివారికి మంచి తిండి, ఎక్కువ విశ్రాంతి లభించాయి. వారి బరువు కూడా ఎక్కువ పెరిగింది. కాని జబ్బు అణగిన వారు శానటోరియంలో 92 శాతం, ఇళ్ళలో 86 శాతం. భేదం స్వల్పమే. సూక్ష్మజీవిని అణచినది ముఖ్యంగా మందే కాని మంచం కాదని రుజువైనది. రోగుల కుటుంబాలను ఐదేళ్ళు గమనించగా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల జబ్బు అదనంగా వ్యాపించలేదని తేలింది. జబ్బు సోకవలసినవారికి చాలావరకు చికిత్సకు ముందే సోకి ఉంటుంది. మందు మొదలైన తరువాత రోగి నుండి అంటుకొనే శక్తి త్వరగా తగ్గుతుంది.

ఒక చిక్కు కూడా బయటపడింది. ఒంట్లో కాస్త కులాసా చిక్కగానే కొందరు మందు మానివేసేవారు. సిబ్బంది ముందుగా చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కించి, మూత్రాన్ని పరీక్షించి ఈ సంగతి గ్రహించారు. అందుచేత, 1960 తరువాత, కళ్ళెదుటే వారానికి రెండుసార్లు మందు ఇచ్చే పద్ధతిని ఆ కేంద్రమే పరీక్షించింది. 1962లో ప్రారంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమంలో ఇంటివద్ద చికిత్సకే ప్రాధాన్యం లభించింది. నేడు మందులు మారాయి, చికిత్సా కాలం తగ్గింది. కాని రోగులలో అత్యధికులు ఇంట్లో ఉండే మందు తీసుకొంటున్నారు.

కలిసి పనిచేయడమంటే పలువురి పేర్లు ఒక కాగితంపై చేర్చడం కాదు. ప్రశ్న ఒక్కటై ఉండాలి. దేనిని, ఎలా కొలవాలో ముందే ఒప్పుకోవాలి. ఫలితం ఎవరి నమ్మకానికి విరుద్ధంగా వచ్చినా ప్రకటించాలి. మద్రాసులో జరిగినది ఇదే. ఆ కేంద్రానికి భాగస్వాములు నలుగురని చెప్పుకొన్నాము. నిజానికి ఐదవవారూ ఉన్నారు: సంవత్సరం పొడవునా ఆ చేదు మందులు మ్రింగి, పరీక్షకులకు తమ ఇంటి తలుపులు తెరచిన రోగులు, వారి కుటుంబాలు.