సైబీరియా కొంగల పరిరక్షణ ఒప్పందం

సైబీరియా కొంగల పరిరక్షణ ఒప్పందం అనేది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న సైబీరియా కొంగను (శాస్త్రీయ నామం: ల్యూకోజెరానస్ ల్యూకోజెరానస్) కాపాడటానికి 1993లో కుదిరిన అంతర్జాతీయ అవగాహనా పత్రం. వలస జీవుల సంరక్షణకై 1979లో బాన్ నగరంలో కుదిరిన ఒడంబడిక క్రింద వెలువడిన మొదటి అవగాహనా పత్రం ఇదే. భారతదేశం, రష్యా, చైనా, ఇరాన్‌లతో సహా 11 దేశాలు ఇందులో ఉన్నాయి.

నేపథ్యం

ఈ కొంగలు రష్యా ఉత్తర ప్రాంతపు చిత్తడి నేలలలో గుడ్లు పెట్టి, శీతాకాలంలో దక్షిణానికి వలస వెళ్తాయి. వీటిలో మధ్య గుంపు ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద గల కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనానికి వచ్చేది. 1960వ దశకంలో ఇక్కడ సుమారు 200 కొంగలు కనిపించేవి. దారిలో జరిగే వేట, చిత్తడి నేలల క్షీణత వలన వీటి సంఖ్య తగ్గిపోయింది. ఒక దేశంలో రక్షణ పొందిన పక్షి మరొక దేశంలో వేటకు బలి కావచ్చు. కనుక ఉమ్మడి కృషి తప్పనిసరి అయింది.

కార్యక్రమాలు

పక్షుల లెక్కింపు, ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లతో వలస మార్గాల గుర్తింపు, సంరక్షణ కేంద్రాలలో పెంచిన పిల్లలను విడిచిపెట్టడం వీటిలో ముఖ్యమైనవి. 1973లో అమెరికాలో స్థాపించబడిన అంతర్జాతీయ క్రేన్ ఫౌండేషన్, రష్యాలోని ఓకా అభయారణ్యం ఇందులో పాలుపంచుకున్నాయి.

ఫలితాలు

భరత్‌పూర్‌లో ఈ కొంగలు చివరిసారిగా 2002లో కనిపించాయి. ఇరాన్‌కు అనేక సంవత్సరాలు ఒకే ఒక్క కొంగ వచ్చేది. దానికి స్థానికులు పర్షియన్ భాషలో "ఆశ" అని అర్థం వచ్చే ఒమిద్ అనే పేరు పెట్టారు. నేడు మిగిలిన కొంగలు దాదాపు అన్నీ తూర్పు గుంపుకు చెందినవే. ఇవి ప్రధానంగా చైనాలోని పోయాంగ్ సరస్సు పరిసరాలలో శీతాకాలం గడుపుతాయి. అందుచేత ఈ జాతి మనుగడ చాలావరకు ఆ ఒక్క సరస్సు ప్రాంతంపైనే ఆధారపడి ఉంది.