మెట్టనేల పూలతివాచీ

నీరు సమృద్ధిగా ఉన్నచోట పూలతోట పెంచడం కష్టమైన పని కాదు. నీటికి కరవున్న చోట పూలు పూయించాలంటే మాత్రం నేల స్వభావమూ, మొక్క స్వభావమూ తెలిసి ఉండాలి. దక్షిణ తెలంగాణలోని నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల వారికి ఈ ఎరుక మరింత అవసరం. అక్కడి ఎర్రని చల్క నేలల్లో, గుండ్రాళ్ల గుట్టల నడుమ, మండుటెండలో సైతం రంగురంగుల తివాచీ పరచినట్లు పూచే చిన్న మొక్క ఒకటి ఉన్నది. అదే గడ్డి గులాబి. దీనిని నాచు గులాబి అని కూడా పిలుస్తారు. ఉదయం బాగా పొద్దెక్కిన తరువాత విచ్చుకుంటుంది కాబట్టి తమిళులు, మలయాళీలు దీనికి ‘పదిగంటల పువ్వు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

పేరులో గులాబి ఉన్నా ఇది గులాబి జాతికి చెందినది కాదు. నేలను అంటిపెట్టుకొని జానెడు ఎత్తుకు మించకుండా నలువైపులా పాకే మొక్క. కాడలు ఎర్రగా, నున్నగా, రసభరితంగా ఉంటాయి. ఆకులు సూదుల వలె సన్నగా, కండగలిగి ఉంటాయి. కొమ్మల చివర ఎరుపు, గులాబి, పసుపు, నారింజ, తెలుపు వన్నెల్లో ముద్దగానో, రేకగానో పూలు పూస్తాయి. ఒక్కొక్క పువ్వు ఆయుష్షు ఒక్క పూటే. ఉదయం విచ్చుకొని, మధ్యాహ్నం దాటగానే ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజున విచ్చుకోవడానికే వెనుకాడుతుంది. అయినా మొక్క నిండా మొగ్గలు వరుసగా సిద్ధమవుతూ ఉండటం వల్ల ప్రతి ఉదయమూ కొత్త పూలతో కళకళలాడుతుంది.

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. అర్జెంటీనా, దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే దేశాల ఎండిన ఇసుక నేలల్లో ఇది సహజంగా పెరుగుతుంది. 1829లో విలియం జాక్సన్ హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి ‘పోర్చులాకా గ్రాండిఫ్లోరా’ అని నామకరణం చేశాడు. ‘గ్రాండిఫ్లోరా’ అంటే పెద్ద పూలు గలది అని అర్థం. ‘పోర్చులాకా’ అనే మాటకు లాటిన్ భాషలో చిన్న ద్వారం అనే అర్థంతో సంబంధం ఉన్నదంటారు. కాయను పరిశీలిస్తే ఈ పేరులోని ఔచిత్యం తెలుస్తుంది. పక్వమైన కాయ పైభాగం కుంకుమ భరిణ మూత వలె ఊడివస్తుంది. లోపల ఆవగింజ కన్నా ఎంతో చిన్నవైన, లోహపు మెరుపు గల విత్తనాలు గుత్తిగా కనిపిస్తాయి. విచ్చుకున్న పువ్వులోని కేసరాలను సన్నని పుల్లతో మెల్లగా తాకితే అవి కదులుతాయి. కీటకం వాలినప్పుడు పుప్పొడి దాని దేహానికి అంటుకోవడానికి ఈ కదలిక ఉపకరిస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. అంతటి ఎండను ఇంత సుకుమారమైన మొక్క ఎట్లా భరిస్తుంది? దీని ఆకులూ, కాడలూ నీటిని నిలవచేసుకునే తొట్ల వంటివి. వర్షం కురిసినప్పుడు నిండుకొని, లేనప్పుడు పొదుపుగా వాడుకుంటాయి. అంతకన్నా విశేషమైనది ఈ జాతి మొక్కలు ఆహారం తయారుచేసుకునే పద్ధతి. ఆకులపై కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. వాటి ద్వారానే గాలి లోపలికి వస్తుంది, వాటి ద్వారానే నీరు ఆవిరై పోతుంది. సాధారణంగా మొక్కలు వాటిని పగలు తెరచి ఉంచుతాయి. కలబంద, కిత్తనార వంటివి పగలు మూసి రాత్రి తెరుస్తాయి. రాత్రి గ్రహించిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపంలో దాచుకొని, తెల్లవారిన తరువాత సూర్యరశ్మితో ఆహారంగా మార్చుకుంటాయి. ఈ పద్ధతిలో నీరు ఆదా అవుతుంది గాని ఎదుగుదల మందగిస్తుంది. జొన్న, మొక్కజొన్నలది మరొక మార్గం. అవి తీవ్రమైన వెలుతురును సమర్థంగా వాడుకొని వేగంగా పెరుగుతాయి. పోర్చులాకా జాతి మొక్కల్లో ఈ రెండు మార్గాలూ ఉన్నాయి. నీరున్నంతకాలం జొన్న వలె చురుకుగా పెరుగుతాయి. కరవు వచ్చినప్పుడు కలబందలోని పొదుపును కూడా జోడించుకుంటాయి. ఈ జాతికే చెందిన గంగవాయిలి మొక్కలో ఈ రెండు విధానాలూ ఒకే కణాల్లో కలిసి పనిచేస్తున్నాయని 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

మొక్క స్వభావం తెలిసిన తరువాత పెంపకం సులభమవుతుంది. గడ్డి గులాబిని కొమ్మలతోనూ, విత్తనాలతోనూ వృద్ధి చేయవచ్చు. కొమ్మలతో పెంచడం మేలైన మార్గం. తల్లి మొక్క పూల రంగే పిల్ల మొక్కకు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కొమ్మను మూడు నాలుగు అంగుళాల పొడవున తుంచి, అడుగుభాగాన ఆకులు తీసివేసి, ఒక పూట నీడలో ఉంచాలి. తుంచిన చోటు ఆరిన తరువాత అంగుళం లోతున నాటి, నేల తడిసే మేరకు నీరు చిలకరించాలి. వారం పదిరోజుల్లో వేళ్లు దిగుతాయి. విత్తనాలు చల్లదలిస్తే వాటిపై మన్ను కప్పరాదు. మొలకెత్తడానికి వాటికి వెలుతురు కావాలి. తడి ఇసుకపై చల్లి, అరచేతితో మెల్లగా అదిమితే చాలు. చలి తగ్గిన మాఘ ఫాల్గుణ మాసాలు నాటడానికి అనువైన కాలం. అప్పుడు నాటిన మొక్కలు ఎండలు ముదిరేనాటికి నేలంతా అల్లుకుంటాయి.

ఈ మొక్కకు సారవంతమైన భూమి అవసరం లేదు, నీరు నిలవని భూమి అవసరం. దక్షిణ తెలంగాణలోని చల్క, దుబ్బ నేలల్లో నీరు త్వరగా ఇంకిపోతుంది. పంటలు పండించే రైతుకు చింత కలిగించే ఈ గుణమే గడ్డి గులాబికి వరం. నల్లరేగడి నేలలో నాటదలిస్తే మొరము, ఎర్రమన్ను కలిపి జానెడు ఎత్తున మడి కట్టి దానిపై నాటాలి. కుండీలో పెంచేవారు రెండు పాళ్ల ఎర్రమన్నుకు ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. కుండీ లోతుగా ఉండనక్కరలేదు. అడుగున రంధ్రం మాత్రం తప్పక ఉండాలి. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడలో పెంచిన మొక్క తీగ వలె సాగుతుందే గాని పూయదు.

ఈ మొక్క చనిపోవడానికి సాధారణంగా కారణం నిర్లక్ష్యం కాదు, అతి శ్రద్ధ. రోజూ నీరు పోయడం వల్ల వేళ్లు కుళ్లి, కాడలు మెత్తబడి, మొక్క కూలిపోతుంది. అది చూసి ఎండకు వాడినదని భ్రమపడి మరింత నీరు పోసేవారు ఉంటారు. మట్టిలోకి వేలు దించి చూసి, అంగుళం లోతు వరకు పొడిగా ఉంటేనే నీరు పోయాలి. నడివేసవిలో కుండీలకు రోజు విడిచి రోజు, నేలలోని మొక్కలకు మూడు నాలుగు రోజులకు ఒకసారి నీరు సరిపోతుంది. మృగశిర కార్తెతో వానలు మొదలైన తరువాత నేలలోని మొక్కలకు విడిగా నీరు పోయవలసిన అవసరం చాలావరకు ఉండదు. కుండీలను ముసురు పట్టినప్పుడు చూరు కిందికి చేర్చడం మంచిది. ఎరువు విషయంలోనూ మితమే హితం. యూరియా వంటి నత్రజని ఎరువులు అధికంగా వేస్తే పచ్చదనం పెరిగి పూలు తగ్గుతాయి. పూత మందగించినప్పుడు కొమ్మలను సగం వరకు కత్తిరిస్తే రెండు మూడు వారాల్లో కొత్త చిగుళ్లతో తిరిగి పూస్తుంది. కత్తిరించిన కొమ్మలే మళ్లీ నాట్లవుతాయి. ఏడాదికొకసారి ఇట్లా కొత్త మొక్కలు నాటుకుంటే తివాచీ పలుచబడదు. పిండినల్లి, పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంకాలం పిచికారీ చేయాలి.

గడ్డి గులాబి పరదేశం నుండి వచ్చిన అతిథి. దాని దగ్గరి చుట్టం తెలుగువారికి చిరపరిచితమే. తెలంగాణలో గంగవాయిలి కూర అనీ, మరికొన్ని ప్రాంతాల్లో గంగపాయల, పావిలి కూర అనీ పిలిచే ఆకుకూర ఈ జాతిదే. సంస్కృతంలో దీనిని లోణిక అంటారు. చిన్న పసుపు పూలు, వెడల్పయిన కండగల ఆకులు దీని గుర్తులు. చేలగట్ల మీద, పెరళ్లలో విత్తకుండానే మొలుస్తుంది. కందిపప్పుతో కలిపి వండితే పుల్లగా, కమ్మగా ఉంటుంది. రాత్రి నిలవచేసుకున్న ఆమ్లం వల్ల తెల్లవారుజామున కోసిన ఆకులో పులుపు మరికొంత ఎక్కువ. ఆకుకూరల్లో అరుదైన ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఇందులో ఉన్నది. ఆక్సలేట్లు కూడా అధికం కనుక మూత్రపిండాల్లో రాళ్లున్నవారు మితంగా తినాలి. గడ్డి గులాబి మడిలో ఇది మొలిచినప్పుడు కలుపు అని పారవేయకుండా వంటింటికి చేర్చవచ్చు. అయితే పురుగుమందు చల్లిన మడిలోని ఆకును తినరాదు. గంగవాయిలిని పోలి నేలపై పాకే నానబాలు మొక్కతోనూ జాగ్రత్త వహించాలి. కాడ తుంచినప్పుడు తెల్లని పాలు కారితే అది గంగవాయిలి కాదు, తినదగినది కాదు.

ఇంటి ముందు ఏ మొక్క నాటుతామనేది అభిరుచికి సంబంధించిన విషయంగానే కనిపిస్తుంది. మెట్టసీమలో అది నీటికి సంబంధించిన విషయం కూడా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు పచ్చబడినా, ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు ప్రాంతాలు దీర్ఘకాలం వానపైనా, బోరుబావులపైనా ఆధారపడినవి. ఆ బోరు నీటిలోని ఫ్లోరైడు వల్ల మర్రిగూడ, నాంపల్లి, చండూరు పరిసర గ్రామాల్లో ఎందరో దంతాల, ఎముకల వ్యాధులతో బాధపడ్డారు. పాలమూరు నుండి పనుల కోసం వలసపోయిన కుటుంబాలకు లెక్కలేదు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ పథకంతో శుద్ధిచేసిన నదీజలం గొట్టాల ద్వారా ఊళ్లకు చేరింది. అంత దూరం నుండి, అంత వ్యయంతో వచ్చే నీటిలో ప్రతి బిందెకూ విలువ ఉన్నది.

ఒక చదరపు మీటరు పచ్చికను వేసవిలో పచ్చగా నిలపడానికి రోజుకు దాదాపు 5 లీటర్ల నీరు కావాలి. పది చదరపు మీటర్ల పచ్చికకు 50 లీటర్లు, అనగా మూడు బిందెలకు పైమాటే. అంతే స్థలంలో గడ్డి గులాబి పరచినట్లయితే అందులో కొద్ది భాగంతోనే, బియ్యం, కూరగాయలు కడిగిన నీటితోనే పూలతివాచీని నిలుపుకోవచ్చు. పాఠశాలల ఆవరణల్లో, కార్యాలయాల ముంగిళ్లలో, మిద్దెల మీద, పగిలిన కుండల్లోనూ, పాత డబ్బాల్లోనూ దీనిని పెంచవచ్చు. ఒక ఇంట ఉన్న మొక్క నుండి వీధి మొత్తానికి కొమ్మలు పంచవచ్చు.

సౌందర్యం కాలువల కింది భూములకే పరిమితం కాదు. తన నేలకు తగిన మొక్కను ఎన్నుకొని, దానికి కావలసినంతే ఇచ్చేవారి ముంగిట అది తప్పక పూస్తుంది. అడిగిన దానికన్నా ఎక్కువ ఇవ్వడం ప్రేమ అనిపించుకోవచ్చు గాని సంరక్షణ అనిపించుకోదు. గడ్డి గులాబిని పెంచినవారికి ఈ సత్యం ఒక్క వేసవిలోనే బోధపడుతుంది.